విడిచిన గోదాకు తిరిగివచ్చిన విజేతలు

వేసవి అంతయు కొట్టములో నిలిచిన ఎద్దును తొలకరి పడిన మొదటి దినముననే పొద్దుగూకువరకు దున్నించరాదని కోటబొమ్మాళి పరిసరములలోని ఏ రైతు నడిగినను చెప్పును. ఎద్దుకు బలము తగ్గినదని కాదు. చూపునకు అది మునుపటికంటె పుష్టిగానే యుండవచ్చును. కాని మెడకు కాడి అలవాటు తప్పినది, ఊపిరికి నిలకడ తప్పినది, జోడెద్దుతో అడుగు కలుపుట మరచినది. అందుచేత తెలిసిన రైతు మొదట ఒక జాము మాత్రమే కట్టును. నాలుగు దినములు గడచిన పిమ్మట ఒక పూట కట్టును. ఆ తరువాతనే పెద్ద మడిలోనికి దింపును. ఎద్దు విషయమున ఇంత జాగ్రత్త వహించు మనము మనుష్యుని విషయమున దానిని తరచు మరచుచున్నాము. ఒకనాడు జగజ్జేత యైనవాడు ఏండ్ల తరబడి పోటీలకు దూరమై, మరల వచ్చెదనని ప్రకటించిన వెంటనే లోకము అతనిని అన్నిటికంటె పెద్ద పోటీకే పిలుచును.

బాక్సింగు అని అందరును పిలుచు ముష్టియుద్ధపు చరిత్ర ఈ విషయమునకు మంచి సాక్ష్యము. ఇందు ప్రతి పోటీకి తేదీ కలదు, ప్రతి విరామమునకు కొలత కలదు. బంతియాటలో ఒకని లోపమును తోడివారు కప్పిపుచ్చగలరు. గోదాలో ఉన్నవారు ఇద్దరే గనుక లోపము దాగదు. దీర్ఘవిరామము విజేతనుండి ఏమి తీసికొనిపోవును? పోయినది తిరిగి వచ్చునా? వచ్చినచో ఏ దారిని వచ్చును? ఈ మూడు ప్రశ్నలను మేము మొదట పరదేశపు గోదాలలోను, పిమ్మట మన శ్రీకాకుళపు మట్టిలోను, నిజామాబాదులోను వెదకదలచినాము.

మొదటి కథ 1910 నాటిది. అమెరికా దేశీయుడైన జేమ్స్ జెఫ్రీస్ హెవీవెయిట్ తరగతిలో ఓటమి ఎరుగని జగజ్జేతగా 1905లో విరమించి, కాలిఫోర్నియాలో వ్యవసాయము చేసికొనుచుండెను. అతడు చివరిసారి పోరాడినది 1904లో. ఇంతలో 1908లో జాక్ జాన్సన్ అను నల్లజాతి యోధుడు ఆ బిరుదును గెలుచుకొన్నాడు. దానిని సహింపలేని తెల్లజాతి దురభిమానులు జెఫ్రీసు నాశ్రయించి, జాతి గౌరవమును నిలుపుమని వెంటబడిరి. పొలములో ఒళ్లు చేసిన ఆ మనుష్యుడు ఎంతో బరువు తగ్గించుకొని, నడుమ ఒక్క చిన్న పోటీయైనను లేకుండ, 1910 జూలై 4వ తేదీన రీనో పట్టణములో తిన్నగా జాన్సన్ యెదుట నిలిచినాడు. పదునైదవ రౌండులో జీవితమున మొదటిసారిగా నేలకొరిగినాడు. అతని పక్షమువారే పోటీని ఆపించిరి. ఆనాడు అమెరికా పట్టణములలో చెలరేగిన అల్లరులలో ప్రాణములు కోల్పోయినవారిలో అధికులు నల్లజాతివారే. ఆరేండ్ల విరామము తరువాతి ఆ రాకను కోరినది జెఫ్రీస్ కంటె అతనిని ముందుకు త్రోసినవారే యని చెప్పవలసియున్నది. ఈ మాటను శ్రోతలు గుర్తుంచుకొనవలెను. దీనితో మరల మనకు పని కలదు.

రెండవవాడు జాక్ డెంప్సీ. రేడియోకు ఇతనితో పాత చుట్టరికము కలదు. 1921 జూలై 2న కార్పెంటియర్‌తో ఇతడు చేసిన పోటీని అమెరికాలో రేడియో ద్వారా ప్రసారము చేసిరి; క్రీడా ప్రసారముల చరిత్రలో అది తొలి మైలురాళ్ళలో ఒకటి. 1923 సెప్టెంబరులో ఫిర్పోను ఓడించిన పిమ్మట డెంప్సీ మూడేండ్లపాటు బిరుదు కొరకు పోరాడలేదు. 1926 సెప్టెంబరు 23న ఫిలడెల్ఫియాలో, 1,20,000 మందికి పైగా ప్రేక్షకుల యెదుట, జీన్ టన్నీ అతనిని పది రౌండ్లలో పాయింట్లపై ఓడించినాడు. డెంప్సీ పిడికిలిలో బలము తగ్గలేదు. ఆ పిడికిలి చేరవలసిన చోటికి చేరునప్పటికి టన్నీ అచట లేడు. అయితే ఈ కథకు రెండవ అంకము కలదు. 1927 జూలైలో డెంప్సీ నడుమ ఒక మెట్టుగా జాక్ షార్కీతో పోరాడి గెలిచి, సెప్టెంబరులో షికాగోలో మరల టన్నీ నెదిరించినాడు. ఏడవ రౌండులో టన్నీని పడగొట్టినాడు. డెంప్సీ తటస్థమైన మూలకు వెంటనే వెళ్ళనందున రెఫరీ లెక్క ఆలస్యముగా మొదలైనది. టన్నీ తేరుకొని పోటీ గెలిచినాడు. ఫలితము మారలేదు గాని, మనిషి మారినాడు. ఏడాది క్రిందట టన్నీని అందుకొనలేని చేయి ఈసారి అందుకొన్నది.

జో లూయీ కథలో త్రోసినది జాతి దురభిమానము కాదు, అప్పు. 1949 మార్చిలో జగజ్జేతగానే విరమించిన లూయీని ఆదాయపు పన్ను బకాయి గోదాకు ఈడ్చుకొని వచ్చినది. పదునెనిమిది మాసముల తరువాత, 1950 సెప్టెంబరు 27న, సన్నాహపు పోటీ ఏదియు లేకయే ఎజార్డ్ చార్లెస్‌తో పదునైదు రౌండ్లు పోరాడి ఓడినాడు. అతని వయస్సు అప్పుడు ముప్పదియారు. పిమ్మట చిన్న పోటీలలో వరుసగా గెలిచినను, 1951 అక్టోబరు 26న రాకీ మార్సియానో ఎనిమిదవ రౌండులో అతనిని త్రాళ్ళ నడుమనుండి వెలుపలికి పడగొట్టినాడు. దీనిని బట్టి ఒక సత్యము తేలుచున్నది. మెట్టు మెట్టుగా వచ్చుట విరామపు నష్టమును తీర్చగలదు గాని, గడచిన వయస్సును తీర్చలేదు. రెండింటిని వేరుచేసి చూడనివారు విరామమును నిందింతురు. నిజమునకు దోషము సంవత్సరములది.

ఇందుకు భిన్నముగా షుగర్ రే రాబిన్సన్‌ను చూడుడు. 1952 డిసెంబరులో గోదా విడిచి రంగస్థలముపై నర్తకుడుగా రెండేండ్లు గడిపినాడు. 1955 జనవరిలో తిరిగివచ్చి, మొదటి పోటీ గెలిచినను, రెండు వారములకే రాల్ఫ్ జోన్స్ అను యోధుని చేతిలో పాయింట్లపై ఓడినాడు. ఆనాడు అందరును అతని కథ ముగిసినదనిరి. అతడు మానలేదు. అంతటితో పెద్ద పోటీకి ఎగబ్రాకలేదు కూడ. ఆ యేడు మరికొన్ని పోటీలు చేసి, డిసెంబరు 9న బోబో ఓల్సన్‌ను రెండవ రౌండులోనే పడగొట్టి మిడిల్‌వెయిట్ బిరుదును తిరిగి గెలుచుకొన్నాడు. జోన్స్ చేతిలోని ఓటమి అతనికి అవమానము కాదు. అది అతడు చెల్లించిన పాఠశాల రుసుము.

ముష్టియుద్ధములో విరామమును గూర్చి మాటలాడుచు మహమ్మద్ అలీని తలపక తప్పదు. వియత్నాం యుద్ధకాలమున సైన్యములో చేరుటకు 1967 ఏప్రిల్ 28న నిరాకరించినందున అతని బిరుదును, పోరాడు అనుమతిని తీసివేసిరి. ఇరువదియైదేండ్ల ప్రాయమునుండి మూడున్నరయేండ్లు, అనగా యోధుని జీవితమున అన్నిటికంటె విలువైన కాలము, గోదా వెలుపల గడచినది. 1970 అక్టోబరు 26న అట్లాంటాలో జెర్రీ క్వారీతో, డిసెంబరు 7న ఆస్కార్ బొనవేనాతో పోరాడి గెలిచినాడు. 1971 మార్చి 8న జో ఫ్రేజియర్ యెదుట నిలిచి పదునైదు రౌండ్ల పిమ్మట ఓడినాడు. చివరి రౌండులో నేలకొరిగినాడు కూడ. ఆ యేడు జూన్‌లో అమెరికా సుప్రీము కోర్టు అతని శిక్షను రద్దుచేసినది గాని, పోయిన యేండ్లను ఏ న్యాయస్థానము ఇయ్యగలదు?

విరామమునకు ముందు అలీని కొట్టుట కష్టము. అతని పాదములు దెబ్బకు అందకుండ అతనిని మోసికొని పోవుచుండెను. విరామము తరువాత పాదములు అంత కాలము ఆడలేదు. అప్పుడతడు మరియొక విద్యను నేర్చినాడు: త్రాళ్ళ కానుకొని దెబ్బలను భరించుట. ఆ విద్యతోనే 1974 అక్టోబరు 30న కిన్షాసాలో జార్జ్ ఫోర్‌మన్‌ను ఎనిమిదవ రౌండులో పడగొట్టి బిరుదును మరల పొందినాడు. లోకము చప్పట్లు కొట్టినది. కాని భరించిన దెబ్బలు ఎచటికిని పోవు. 1978 తరువాత రెండేండ్లు ఊరకుండి 1980 అక్టోబరు 2న లారీ హోమ్స్ యెదుటికి తిరిగి వచ్చినప్పుడు, పది రౌండ్ల పిమ్మట అతని శిక్షకుడు పోటీని ఆపవలసివచ్చినది. 1984లో అతనికి పార్కిన్‌సన్ వ్యాధి లక్షణములు గుర్తింపబడినవి.

ఇంతకును విరామము శరీరమున చేయు పని యేమి? సాధన మానిన కొలది వారములలోనే మొదట తగ్గునది దమ్ము. గుండె ఒక్కొక్క కొట్టునకు పంపు రక్తము తగ్గును; అదే పనికి రొప్పు ఎక్కువగును. కండబలము మాత్రము అంత త్వరగా పోదు. పోయినను, మునుపు బలిసిన కండ క్రొత్త కండకంటె వేగముగా తిరిగి బలియును. అందుచేతనే తిరిగివచ్చిన విజేత సాధనశాలలో ఇసుకసంచిని కొట్టునప్పుడు చూపరులు ఏమియు తగ్గలేదని మురియుదురు. సంచి కదలి తప్పుకొనదు, తిరిగి కొట్టదు. మూడవది, అన్నిటికంటె సూక్ష్మమైనది, కాలజ్ఞానము: ఎదుటివాని భుజము కదలిన క్షణమున దెబ్బ ఎచటికి వచ్చునో ఎరుగుట, దూరమును కంటితో కొలుచుట. ఇది కండలో నుండదు. నిజమైన ప్రత్యర్థి యెదుట మాత్రమే అలవడును, అక్కడనే తిరిగి వచ్చును.

మన ప్రాంతమున తప్పెటగుళ్ళు ఆడువారు దీనిని సులభముగా గ్రహింపగలరు. రెండేండ్లు దళమునకు దూరమైనవాడు తిరిగివచ్చినచో పాట మరచిపోడు, గుండెపై తప్పెట వాయించు చేయి మరచిపోడు. కాని దళమంతయు ఒక్కసారి ఎగిరినప్పుడు అతని అడుగు అరక్షణము వెనుకబడును. ఆటలో ఆ అరక్షణమునకు నవ్వి ఊరకుందురు. గోదాలో దాని వెల దవడపై దెబ్బ.

ఈ సంగతి నెరిగి నడచుకొన్నవారు ఇద్దరు. షుగర్ రే లెనర్డ్ కంటిపొర చికిత్స తరువాత 1982 నవంబరులో విరమించినాడు. 1984 మేలో కెవిన్ హోవార్డ్ అను సామాన్య యోధునితో పోరాడి గెలిచినను, నాల్గవ రౌండులో తాను పడిపోయినందుకు సిగ్గుపడి ఆ రాత్రియే మరల విరమించినాడు. అట్టివాడు 1987 ఏప్రిల్ 6న మార్విన్ హాగ్లర్ వంటి మిడిల్‌వెయిట్ విజేతను ఓడించినాడు. నడుమ ప్రకటిత పోటీలు లేవన్నది నిజమే. కాని మూసిన తలుపుల వెనుక సాధనశాలలో పూర్తి రౌండ్ల నిజపోరాటములు చేసినాడు. పదునైదు రౌండ్లకు బదులు పన్నెండు రౌండ్లే యుండవలెననియు, గోదా విశాలముగా నుండవలెననియు ముందే ఒప్పించినాడు. మెట్లు లేవని లోకమనుకొన్నది. అతడు వానిని లోపల కట్టుకొన్నాడు.

ఫోర్‌మన్ మెట్లను బహిరంగముగానే కట్టినాడు. 1977లో గోదా విడిచి మతబోధకుడైనవాడు, బాలుర కొరకు నడపుచున్న కేంద్రమునకు ధనము కావలసి పదియేండ్లకు, 1987లో, తిరిగివచ్చినాడు. నాలుగేండ్లు చిన్న యోధులతోనే పోరాడినాడు. పత్రికలవారు పరిహసించిరి. 1991లో హోలీఫీల్డ్ చేతిలో పన్నెండు రౌండ్లు నిలిచి ఓడినాడు. 1994 నవంబరు 5న, నలుబదియైదేండ్ల వయస్సున, మైకేల్ మూరర్‌ను పదవ రౌండులో పడగొట్టి జగజ్జేత యైనాడు. విరామము పదియేండ్లది, దానిని దాటుటకు పట్టినది మరి యేడేండ్లు.

ఇక మన గడ్డకు వత్తము. కోటబొమ్మాళిలో రైలెక్కి తిలారు, ఉర్లాము దాటి శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో దిగినచో అది ఆమదాలవలస. దాని సమీపముననే ఊసవానిపేట. వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తినాయుడు గారి పేరు చెప్పి బలమును కొలుచు ఈ సీమలో, ఆ పల్లెనుండి కరణం మల్లీశ్వరి బరువులెత్తు విద్యను నేర్చి 1994లోను, 1995లోను ప్రపంచ విజేత యైనారు. 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్సులో 69 కిలోల తరగతిలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తము 240 కిలోలు ఎత్తి కంచు పతకమును గెలిచినారు. ఒలింపిక్ పతకము పొందిన తొలి భారత మహిళ ఆమెయే. స్వర్ణమునకును ఆమెకును నడుమ తేడా రెండున్నర కిలోలు.

ఇది ముష్టియుద్ధము కాదు. కాని విరామపు న్యాయము ఇచటను అదియే. 2001లో ఆమె తల్లియైనారు. 2002లో తండ్రి మరణించినందున కామన్‌వెల్తు క్రీడలనుండి తప్పుకొన్నారు. దేశము ఆమెను మరల చూచినది 2004లో, ఏథెన్సు ఒలింపిక్సులో. అచట ఆమె పేరున మొత్తము నమోదు కాలేదు. పిమ్మట ఆమె విరమించినారు. కన్నబిడ్డను, కన్నతండ్రిని తలచుకొని ఆగిన ఆ యేండ్లను వ్యర్థమనుటకు ఎవరికిని నోరు రాదు. కాని సిడ్నీ వేదికను చూచిన మన కన్నులు, నడుమనున్న నాలుగేండ్లను లెక్కింపక, ఏథెన్సులోను అదే వేదికను ఆశించినవి. ఆ భారము ఇనుపకడ్డీపై వేసిన బరువులలో లెక్కకు రాదు. అయినను ఎత్తవలసినది ఆమెయే.

నిజామాబాదు యువతి నిఖత్ జరీన్ కథ ఇందుకు ఉత్తరభాగము వంటిది. 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ విజేతయైన ఆమె 2017లో భుజము కీలు తప్పి, శస్త్రచికిత్స చేయించుకొని, సుమారు ఒక యేడు గోదాకు దూరమైనారు. 2018లో బెల్‌గ్రేడ్‌లో గెలిచినారు. 2019లో సోఫియాలో స్ట్రాండ్జా పోటీ గెలిచినారు. ఆ యేడే ఆసియా పోటీలలో కంచు పతకము పొందినారు. 2019 డిసెంబరులో ఢిల్లీ ఎంపిక పోటీలో మేరీ కోమ్ చేతిలో 9–1 తేడాతో ఓడినారు. రాబిన్సన్‌కు జోన్స్ ఎట్టివాడో ఈమెకు ఆ దినము అట్టిది. 2022లో స్ట్రాండ్జా మరల గెలిచి, మే 19న ఇస్తాంబుల్‌లో థాయిలాండ్ యోధురాలు జుతమాస్ జిత్‌పాంగ్‌ను 5–0తో ఓడించి ప్రపంచ విజేత యైనారు; 2023లో ఢిల్లీలో ఆ గౌరవమును మరల పొందినారు. భుజము తప్పిన నాటినుండి జగజ్జేత యగువరకు అయిదేండ్లు పట్టినది. ఆమె నోడించిన మేరీ కోమ్ సైతము ఇదే దారిని వచ్చినవారు. 2007లో కవలలకు తల్లియై, 2008 ఆసియా పోటీలలో వెండితో సరిపెట్టుకొని, ఆ యేడు నవంబరులో చైనాలోని నింగ్‌బోలో ప్రపంచ స్వర్ణమును గెలిచినారు. మాతృత్వము గోదా తలుపును మూయునన్న మాటకు అది చాలిన సమాధానము.

ఈ కథలన్నిటిని ప్రక్క ప్రక్కన పెట్టి చూచిన మాకు తోచినది ఇది. విరామపు నిడివి ఒక్కటే విధిని నిర్ణయింపదు. ఏడాదిన్నరకు లూయీ ఓడినాడు. పదియేండ్లకు ఫోర్‌మన్ గెలిచినాడు. తిరిగివచ్చినవాడు పెద్ద పోటీకి ముందు నిజమైన చిన్న పోటీలను ఎన్ని ఎదుర్కొన్నాడు, వానిలో ఓడుటకు అతనికి అనుమతి కలదా, విరామములో గడచిన వయస్సు ఎంత, అతనిని పిలిచినది అతని మనస్సా, అప్పా, జనుల ఆశయా — ఇవి విధిని నిర్ణయించును. వీనిలో మొదటి రెండును, చివరిదియు మన చేతిలో నున్నవి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెలలో బరువులెత్తు బాలికలు, పరుగెత్తు బాలురు ఈనాడును కలరు. వారిలో ఎందరో పెండ్లికో, కాన్పుకో, వలసకో, విరిగిన కాలికో ఆట విడుతురు. కొందరు ఒకనాడు తిరిగి సాధనశాల గుమ్మమున నిలుతురు. అప్పుడు “నీ కాలము అయిపోయినది” అని పంపివేయుట ఎంత అన్యాయమో, “నీవు పాత విజేతవే కదా” అని రాష్ట్ర పోటీకి తిన్నగా తోలుట అంత అన్యాయము. మొదట ఊరి పోటీ పెట్టుడు. పిమ్మట మండలపు పోటీ, జిల్లా పోటీ పెట్టుడు. వానిలో ఓడినచో మాటలాడక మరల సాధనకు రానిండు. తల్లియైనది సాధనకు వచ్చు గంటసేపు బిడ్డను పట్టుకొనువారు ఇంట ఒకరుండవలెను. విజేత తిరిగివచ్చుటకు పదివేల చప్పట్లకంటె ఇట్టి గంటసేపులు ఎక్కువ అక్కరకు వచ్చును.